శ్రద్ధగా వినుట: యాభయ్యో నమోదు

ఒకరి బాధను మరొకరు వినడమనే పనిని కళాశాలవారు పూనుకుని పద్ధతిలో పెట్టేదాకా, లోకంలో వినడం నానా అడ్డదిడ్డంగా సాగేది. అక్కలు వినేవారు, పక్కింటివాళ్లు వినేవారు, క్షవరం చేసేవాళ్లు సైతం వినేవారు. ఒక్కరి దగ్గరా సంతకం ఉండేది కాదు.

ఇప్పుడా బెంగ లేదు. మానసిక ఆరోగ్య నర్సింగ్ డిగ్రీ చివరి ఏడాదిలో ప్రతి విద్యార్థీ రోగులను యాభైసార్లు ‘శ్రద్ధగా వినుట’ తప్పనిసరి. ఒక్కో వినుటకు పదిహేను నిమిషాలు, చివర్లో రోగి సంతకం. (ఏడ్చేవారి చేత ఏడుపు ఆగాకే సంతకం చేయించాలి. తడిసిన కాగితం చెల్లదు.)

మన అమ్మాయి నలభై తొమ్మిది పూర్తిచేసింది. యాభయ్యోది ఆ సాయంత్రం ఐదింటిలోగా అందకపోతే ఏడాది గంగపాలే. వార్డులో రోగులు పన్నెండుమంది, విద్యార్థులు ముప్పైమంది. పాపం, ఒకప్పుడు బస్సు కండక్టరుగా చేసిన పెద్దాయన మంచం దగ్గరికి పరుగున వెళ్లింది.

“నిద్రపట్టని సంగతి పొద్దుట్నించి ఆరుసార్లు చెప్పానమ్మా, గొంతు పోయింది. ఆ మూల దర్జీ ఖాళీగా ఉన్నాడు చూడు.”

“ఆయన పదకొండు రోజులుగా మాట్లాడట్లేదు కదా బాబాయ్!”

“అందుకే ఖాళీ.”

దిక్కుతోచక దర్జీ ఎదుట కూర్చుంది. ఆయన ఆమె కోటు చేతి అంచునే చాలాసేపు చూశాడు.

“ఈ కుట్టు ఎవరేశారమ్మా?”

“మా అమ్మ.”

“కుట్టు వంకర పోలేదు. మీ అమ్మ అదృష్టవంతురాలు.” ఆయన తన చేతులు చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. “కత్తెర పట్టలేనమ్మా. ఇంట్లో చెప్పలేదు. రోజూ కొట్టుకెళ్లి షట్టరు దించుకుని కూర్చునేవాణ్ణి.”

ఆమె కలం పక్కన పెట్టేసింది. ఆయన చెప్పడం ముగించేసరికి యాభై నిమిషాలైంది. ఆమెకు గడియారం సంగతే గుర్తురాలేదు, గుర్తొచ్చినా లేచేది కాదు.

వినుటల పర్యవేక్షకురాలు నమోదు పుస్తకం చూసి పెదవి విరిచింది. “పదిహేను దాటితే అది వినుట కాదమ్మా, కబుర్లు. చెల్లదు.”

“సరే మేడమ్, నా ఏడాది పోనివ్వండి. ఆయన చేతులు వణుకుతున్నాయి, డాక్టరుగారికి చెప్పాలి.”

“చెల్లని వినుటలో విన్నదాన్ని ఫైల్లో ఎక్కడ రాయమంటావు?”

అమ్మాయి తిన్నగా డాక్టరు గది ముందుకే వెళ్లి నిలబడింది. ఆయన మర్యాదస్తుడు, ఫైలు తెప్పించి చూశాడు. వణుకు ప్రస్తావన లేదు గనక వణుకు లేదన్నాడు.

మర్నాడు దర్జీ అడిగాడు. “నిన్నటి అమ్మాయి రాలేదేం?”

“వినుటలో తప్పింది,” అన్నాడు వార్డుబాయ్.

దర్జీ మళ్లీ నోరు మూసుకున్నాడు.

జరిగిన పొరపాటు పునరావృతం కాకుండా కళాశాల కమిటీ వెంటనే సవరణ తెచ్చింది: ఇకపై సమయం మించని రోగులకే ప్రాధాన్యం. ఇప్పుడు ఆ వార్డులో రోజూ అందరికంటే ఎక్కువగా విద్యార్థులు శ్రద్ధగా వింటున్నది దర్జీనే.