సెమీఫైనల్లో జారిన లాగులు

మా దుకాణం పక్క టైలర్‌ని వీధంతా ‘రేపురండి’ అంటుంది. బట్టలు కుట్టడానికిచ్చిన ప్రతివాళ్లకీ ఆయన చెప్పే మాట అదొక్కటే. ఆయనకి జరిగిన సంగతే చెబుతాను, వినండి.

ఆ వారం మా ఊళ్లో దేశదేశాల క్లబ్బుల బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. రేపురండి కుర్చీ ఎక్కితే గానీ అటక అందని మనిషి, కానీ ఆ ఆటంటే పడిచస్తాడు. ఫైనల్ టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. పైగా ఫైనల్ జరిగే ఆదివారమే ఆయన బావమరిది లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తుకి ఇల్లు మారుతున్నాడు.

“బీరువా మీరూ తమ్ముడూ పట్టుకోవాలి,” అంది భార్య, కాజాలు కుడుతూ.

“నా నడుము...”

“మొన్న టీవీ ముందు గెంతినప్పుడు బాగానే ఉందిగా?”

రేపురండి తల దించుకుని మిషన్ తొక్కడం మొదలెట్టాడు.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, శుక్రవారం పొద్దున్నే పోటీల నిర్వాహకుడు ఓ మూట మోసుకొచ్చాడు. పరదేశం జట్టొకదాని సామాను విమానంలో తప్పిపోయిందట. ఇక్కడ కొన్న లాగులు వాళ్లకి నడుము దగ్గర పట్టడం లేదు, వదులు చేయాలి.

“సాయంత్రానికి ఇచ్చేస్తాను,” అన్నాడు రేపురండి. ఆయన నోట ఆ మాట వినడంతోనే నాకు అనుమానం వచ్చింది.

అడిగితే చెవిలో ఊదాడు. నడుముపట్టీలకి గట్టి కుట్టు బదులు, లాగితే ఊడిపోయే కచ్చా కుట్టు వేస్తున్నాడు. సెమీఫైనల్లో ఒకటో రెండో పిగులుతాయి. ఫైనల్‌కి భయపడి టైలర్‌ని పక్కనే కూర్చోబెట్టుకుంటారు. అదీ ఎత్తు.

ఆ రాత్రి సెమీఫైనల్‌కి ఆయన దుకాణంలోనే టీవీ పెట్టుకుని కూర్చున్నాం. వాళ్ల కెప్టెన్ గాల్లోకి లేచాడు. బంతి బుట్టలో పడింది, లాగు మోకాళ్ల మీద పడింది. రేపురండి చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఆయన లెక్క తప్పింది. లాగులు వరసపెట్టి పిగిలాయి. జట్టు జట్టంతా ఒక చేత్తో బంతి, ఒక చేత్తో నడుము పట్టుకుని పరిగెత్తింది. అడ్డుకోవాల్సిన ఎదుటివాళ్లు నవ్వు ఆపుకోలేక కడుపులు పట్టుకున్నారు. ఆ సందట్లో వీళ్లు గెలిచేశారు.

మిషన్ దగ్గర కూర్చున్న భార్య అంతా చూసింది.

మర్నాడు నిర్వాహకుడు మూటతో పరిగెత్తుకొచ్చాడు. “రేపు ఫైనల్‌కి టైలరు మా బెంచీ మీదే ఉండాలండీ!”

రేపురండి మొహానికి ఎక్కడ లేని విచారం పులుముకున్నాడు. “బావమరిదికి మాటిచ్చాను... కానీ ఊరి పరువు కదా! చూశావుగా, నా చేతుల్లో ఏముంది?” అన్నాడు భార్యతో.

ఆవిడ మూటలోంచి ఒక లాగు తీసి, దారం కొస పట్టుకుని లాగింది. పట్టీ మొత్తం సర్రున ఊడి చేతికొచ్చింది.

“చూశారా అన్నయ్యగారూ! ఇది కుట్టు కాదు, కుట్ర. ఇది వేసినాయన్నే పక్కన కూర్చోబెట్టుకుంటారా?”

నిర్వాహకుడు రేపురండిని చూశాడు. రేపురండి కత్తెరని చూశాడు.

“మరెవరమ్మా?”

“అన్నీ నేను గట్టిగా కుట్టి ఇస్తాను. సూదీ దారం పట్టుకుని నేనే వస్తాను. ఈయనకి రేపు వేరే పనుంది.”

ఆదివారం బీరువా రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. సాయానికి వెళ్లిన నేను పక్కనే ఉన్నాను. ఎదురింటి టీవీలోంచి వచ్చే జనం కేకలకి మేడంతా దద్దరిల్లుతోంది.

“ఎవడేశాడు? ఎలా వేశాడు?” అన్నాడు రేపురండి, చెంప బీరువాకి అంటుకుపోయి.

“బావా, వదిలితే నా కాలు పోతుంది!” అన్నాడు కిందిమెట్టు మీది బావమరిది.

బీరువా కదిలేసరికి ఆట ముగిసింది. ఆ లాగుల జట్టే గెలిచిందని ఎదురింటివాళ్లు చెప్పారు, అంతే. అందుకే ఇంటికి రాగానే భార్య ఎదురుగా చతికిలబడ్డాడు.

“చివరి బంతి బుట్టలో ఎలా వేశాడే? కాస్త వివరంగా చెప్పు!”

“ఏమోనండీ,” అంది ఆవిడ సూదులు డబ్బాలో సర్దుకుంటూ. “నేను బంతిని చూడలేదు. ఆటసాంతం వాళ్ల నడుములే చూస్తూ కూర్చున్నా. ఒక్క కుట్టు కదిలితే ఒట్టు!”