శ్యాంప్రసాద్ ఐర్లండు ప్రచారం

పెళ్ళాన్ని "నువ్వు రావద్దు" అనకూడదు. "నేను రాను బాబూ, మీరే వెళ్ళండి" అని ఆవిడ చేతే అనిపించాలి. వినడానికి ఎంత తేలిగ్గా ఉంది! ఈ తేలిక పని కోసమే శ్యాంప్రసాద్ ఆ శనివారం పొద్దుటి నుంచీ హాల్లో పచార్లు చేస్తున్నాడు. హాలంటే మరేం లేదు, అబుదాబి శివార్లలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో ఒక గది. నాలుగు అంగలు వేసేసరికి గోడ తగులుతుంది. అందుకని ఆయన నడిచిన దానికన్నా వెనక్కి తిరిగిందే ఎక్కువ.

"ఏంటండీ ఆ తిరగడం, కాలుగాలిన పిల్లిలాగ?" అంది వంటింట్లోంచి సత్యకుమారి.

"ఆలోచిస్తున్నానే."

"కూర్చుని ఆలోచిస్తే రాదా? నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

శ్యాంప్రసాద్ ముసఫ్ఫాలో ఏసీ గొట్టాలు బిగించే కంపెనీలో లెక్కలు వేసే ఉద్యోగి. అది పొట్ట కోసం. మనసంతా ఫొటోల మీదే. స్నేహితులు ఆయన్ని లెన్సు ప్రసాద్ అంటారు. ఇంట్లో కెమెరాలకు తేమ తగలకుండా ప్రత్యేకంగా ఒక గాజు అలమర ఉంది. సత్యకుమారి చీరలు మంచం కింద పెట్టెలో ఉంటాయి.

ఇప్పుడీ లెన్సు ప్రసాద్‌కు ఐర్లండు పిచ్చి పట్టింది. ఆ దేశపు పడమటి తీరంలో కెమెరా యాత్ర. కీరన్ అనే అక్కడి ఫొటోగ్రాఫరు దగ్గరుండి తిప్పుతాడు. సముద్రంలోకి తెగిపడ్డ కొండకొమ్ములు, రాళ్ళు పేర్చి కట్టిన గోడలు, పాడుబడ్డ మఠాలు, సాయంత్రాలు పల్లెల్లో ఫిడేలు పాటలు. ఎనిమిది మందికే చోటు. ఏర్పాట్లన్నీ బర్ దుబాయ్‌లో ప్యాకేజీ పెద్దిరాజువి. ఉమ్రాకైనా, కాశీకైనా, స్విట్జర్లండుకైనా ఒకే నవ్వు నవ్వుతూ టికెట్లిచ్చే మనిషి ఆయన.

మరి భార్యను తీసుకెళ్తే ఏం పోయింది అంటారా? జెబెల్ జైస్ కొండ మీద పోయింది. చలికాలంలో అక్కడ లెన్సు ప్రసాద్ ఒక మబ్బు పక్కకి జరగడం కోసం కాళ్ళు పీక్కుపోయేలా కాచుకున్నాడు. అది జరగబోయే క్షణంలో సత్యకుమారి "ఏవండీ, పులిహోర పాడైపోతుంది" అంది. ఆయన తల తిప్పాడు. తిప్పేసరికి వెలుగు వచ్చి వెళ్ళిపోయింది. కళాకారుడికి ఏకాంతం కావాలని ఆ రోజే తీర్మానించుకున్నాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలెట్టాడు.

"సత్యా, ఐర్లండని ఒక దేశం ఉంది."

"ఉంటే ఉండనివ్వండి. వంకాయ వేసుకోండి."

"మా ఫొటోల వాళ్ళు సెప్టెంబరులో వెళ్తున్నారు. నన్నూ రమ్మంటున్నారు. నువ్వూ వస్తే బాగుండేది. కానీ..." ఇక్కడ శ్యాంప్రసాద్ నిట్టూర్చాడు. అద్దం ముందు సాధన చేసిన నిట్టూర్పు అది. "నిన్ను ఆ కష్టాలు పెట్టలేను."

"ఏం కష్టాలండీ?"

"వాన!"

గరిటె గాల్లోనే ఆగింది. "వానా?"

"అలాంటిలాంటి వాన కాదు. పొద్దున లేస్తే వాన, మధ్యాహ్నం జల్లు, సాయంత్రం తుంపర. సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చి పోతాడట."

"సెప్టెంబరులో కూడానా?"

"సెప్టెంబరులో మరీనూ!"

బయట నలభై ఏడు డిగ్రీల ఎండ. చన్నీళ్ళ కుళాయి తిప్పితే కాఫీ కలుపుకునేంత వేడినీళ్ళు వస్తున్న రోజులు. హీటరు కట్టేసి, అందులో నిలవున్న నీళ్ళనే చన్నీళ్ళనుకుని ఇద్దరూ స్నానాలు చేస్తున్నారు. అలాంటి రోజుల్లో రావులపాలెం ఆడపడుచుకు వానను చూపించి భయపెట్టాలనుకున్నాడు చూశారా, ఆ తెలివిని ఏమనాలో మీరే చెప్పండి.

"చలి కూడానట," అన్నాడు. "స్వెట్టరు విప్పే పనే ఉండదట."

"మా అక్క అల్లిచ్చింది పెట్టెలో మగ్గుతోందండి పాపం."

"మాల్స్ ఉండవు సత్యా! ఎటు చూసినా పచ్చగడ్డి. దాని మీద గొర్రెలు. రోడ్డుకడ్డంగా నిలబడి కార్లను పోనివ్వవట."

"ఎవరూ హారన్ కొట్టరా?"

"కొట్టరట. కారు దిగి కబుర్లు చెప్పుకుంటారట. అదింకో నరకం. అక్కడి జనానికి మా చెడ్డ వాగుడు. దారి అడిగితే వాళ్ళ తాతగారి పెళ్ళి దగ్గర్నుంచి మొదలెడతారట."

సత్యకుమారి కాసేపు గోడకేసి చూసింది. "మన పక్క వాటాలో ఎవరుంటారో తెలుసా మీకు?"

"ఎవరో ఉంటారు."

"ఆరేళ్ళయిందండి. గుమ్మంలో చెప్పులు చూసి నలుగురనుకుంటున్నాను."

శ్యాంప్రసాద్ ఆఖరి అస్త్రం తీశాడు. "తిండి! పూటపూటా ఉడకబెట్టిన బంగాళాదుంపలే!"

"కారప్పొడి పట్టుకెళ్తే సరి."

"ఎవరు పట్టుకెళ్తే?"

"మనమేనండీ! వానండీ బాబూ! ఇక్కడ ఏడాదికోసారి పడే వాన, కారు మునిగిందా లేదా అని చూసుకోడానికే సరిపోతోంది. కిటికీ దగ్గర కూర్చుని చూరు మీంచి పడే చప్పుడు విని ఎన్నాళ్ళయిందో!" అంటూ ఆవిడ మొహం ఇంత చేసుకుని రెండో మారు వడ్డించింది. శ్యాంప్రసాద్ వంకాయ ముక్కను పళ్ళెం అంచుకు తోశాడు.

ఆ తర్వాత ఆయన ప్రచారాన్ని ఆవిడ అందుకుంది. సత్యకుమారి బనియాస్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. మత్తు సూది వేయించుకుని, మూతి తిమ్మిరెక్కి బయట కూర్చున్న వాళ్ళకందరికీ ఐర్లండు గురించి చెప్పింది. కాదనడానికి వాళ్ళకు నోరు తిరగదు కదా. నర్సులకు చెప్పింది. కింద వాటా టీచరమ్మకు చెప్పింది. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి నటించి కూడా చూపించిందట.

నాలుగో రోజున రమీజ్ ఫోను చేశాడు. రమీజ్‌ది నెల్లూరు. ఫొటోల పిచ్చిలో శ్యాంప్రసాద్‌కు తమ్ముడు లాంటివాడు.

"ఏందన్నా నువ్వు చేసిన పని? మా తహ్మీనా పొయ్యి గొడుగు కొనుక్కొనొచ్చింది. అబుదాబిలో గొడుగన్నా! ఎండకేమో అనుకుంటి. ఐర్లండుకంట!"

"నువ్వు కంపెనీ ట్రైనింగని చెప్పావు కదరా?"

"చెప్పినా. వదిన ఫోను చేసి వానలు, గొర్రెలు అని మొత్తం చెప్పేసింది. ట్రైనింగూ లేదు, గీనింగూ లేదు, ఖలాస్! ఇప్పుడు మా ఇంట్లో నాకు టీ కూడా ఇస్తాలేరన్నా."

ఫోను పెట్టేశాక శ్యాంప్రసాద్‌కు కూర్చుంటే నుంచోవాలనిపించింది, నుంచుంటే బయటికి పోవాలనిపించింది. బయట చెప్పులు కరిగే ఎండ. చివరికి బాత్రూములో తలుపేసుకుని ఐర్లండులో ఉన్న కీరన్‌కు రహస్యంగా ఒక సందేశం పంపాడు. 'నా భార్యకు గాలి పడదు. మోకాళ్ళ నొప్పులు. గొర్రెలంటే భయం. ఒక్క చోట పట్టుమని నిలబడలేదు. దయచేసి ఈ యాత్ర ఆమెకు తగదని మీ నోటితోనే చెప్పండి.'

ఆదివారం బర్ దుబాయ్‌లో పెద్దిరాజు ఆఫీసులో సమావేశం. గోడ మీద తెరలో కీరన్. ఎర్రగడ్డం, తడిసిన టోపీ. ఆయన వెనక కిటికీలో నిజంగానే వాన పడుతోంది. అది చూసి సత్యకుమారి కుర్చీ ముందుకి జరుపుకుంది.

ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక్కొక్కరూ చెప్పమన్నాడు కీరన్. లెన్సు ప్రసాద్ లేచి వెలుగునీడల మీద, దృశ్యంలో గీతల కూర్పు మీద ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చాడు. కీరన్ మధ్యలో టీ తెచ్చుకున్నాడు.

తర్వాత ఆయన సత్యకుమారిని మర్యాదగా అడిగాడు, "అమ్మా, అక్కడ గాలిలో ఒకేచోట గంటసేపు నిలబడాల్సి వస్తుంది. మీకు కష్టమేమో?"

సత్యకుమారి క్లినిక్ ఇంగ్లీషులో టకీమని చెప్పింది. "సార్, మా ఆయన ఫొటోగ్రాఫరు. పదకొండేళ్ళుగా నా పని నిలబడటమే."

కీరన్ టీ ఒలికిపోయేలా నవ్వాడు. "మరి గొర్రెలో?"

"గొర్రెలేంటి సార్?" అని ఆవిడ మొగుడి వంక తిరిగింది. మొగుడు పైకప్పులో ఏసీ గొట్టాన్ని పరీక్షగా చూస్తున్నాడు.

అప్పుడు లేచాడు పెద్దిరాజు. "ఆయ్, శ్యాంప్రసాద్ గారూ, మీ మేడం గారు చెప్పినదాంట్లో సగం కూడా మా కరపత్రంలో లేదండి. ఆవిడ మాట విని జనం ఎగబడిపోయారు. నర్సులొచ్చారు, టీచరమ్మ వచ్చింది, రమీజ్ గారు సతీసమేతం. మొత్తం నిండిపోయిందండి. మీ ఇంటికి మాత్రం ఒక్క సీటు కష్టపడి ఆపాను. ఎవరు వెళ్తారో మీరూ మీరూ తేల్చుకుని ఈ రోజే చెప్పండి మరి."

కారు అబుదాబి వైపు బయల్దేరింది. శ్యాంప్రసాద్ స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. ఏసీ పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు.

"చూడు సత్యా, నువ్వే ఆలోచించు. నేనంటే ఫొటోలు తీస్తాను. నువ్వక్కడికెళ్ళి ఏం చేస్తావు?"

"ఇక్కడేం చేస్తున్నానండీ?"

"అంటే?"

"జెబెల్ జైస్‌లో ఏం చేశాను? లివా ఇసుకతిన్నెల దగ్గరేం చేశాను? ఫుజైరా సముద్రం దగ్గర? 'సత్యా, అక్కడ నిలబడు, పక్కన మనిషుంటేనే కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది' అన్నారు. నిలబడ్డాను. 'ఇటు చూడు, కదలకు' అన్నారు. చూశాను. కొండలన్నీ నా వెనకాలే ఉన్నాయండీ. సముద్రాలూ వెనకాలే. సూర్యుడు దిగిపోవడమూ వెనకాలే. నేను చూసిందల్లా మీ కెమెరా, దాని పక్కన మూసుకున్న మీ ఎడంకన్నూ. ఏ ఊరెళ్ళొచ్చినా ఎలా ఉందని ఎవరైనా అడిగితే, ఇంటికొచ్చి మీ ఫొటోల్లో చూసుకుని చెబుతున్నాను."

కోపంగా అనలేదు. ఆవిడ కిటికీ వైపు తిరిగి, బయట ఏమీ లేని ఇసుకను చూస్తూ కూర్చుంది.

శ్యాంప్రసాద్‌కు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. తన వేల ఫొటోల్లో ఎండకు కళ్ళు చిట్లించుకుని నిలబడ్డ మనిషి ఇలా అనుకుంటోందని ఏనాడూ తట్టలేదు. ఆ సిగ్గు దారిలో ఘంతూత్ ఊరు వచ్చేదాకా ఉంది.

ఘంతూత్ దాటాక బుర్ర మళ్ళీ పనిచేయడం మొదలెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో పళ్ళెంలో చివరి గారె మిగిలినప్పుడల్లా ఆయన "నువ్వు తిను" అనడం, ఆవిడ "అబ్బే, మీరు తినండి" అనడం మామూలే. ఒక్కసారి కూడా ఆ గారె ఆవిడ తినలేదు. ఆ ధైర్యంతో గొంతులో కాస్త వణుకు కలిపి అన్నాడు.

"సత్యా, నువ్వే వెళ్ళు. నేనుంటానులే."

"సరేనండి," అంది సత్యకుమారి.

కారు కొంచెం పక్కకి పోయింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

"అంటే... బాగా ఆలోచించుకో. ఒక్కదానివే..."

"తహ్మీనా ఉంది కదండీ." అప్పటికే ఫోను చెవి దగ్గర ఉంది. "పెద్దిరాజు గారూ, ఆ సీటు నా పేరు మీద రాసేయండి. మావారు అడక్కుండానే ఇచ్చేశారండి!"

"ఆయ్, దేవుడండి మీవారు!" అన్నాడు పెద్దిరాజు, కారంతా వినిపించేలా.

దేవుడు రోడ్డుకేసి చూస్తూ బండి నడుపుతున్నాడు.

వీసాలొచ్చాయి. సెప్టెంబరులో సత్యకుమారి అక్క అల్లిన స్వెట్టరు, సీసాడు కారప్పొడి పట్టుకుని విమానం ఎక్కింది. ఎక్కేముందు లెన్సు ప్రసాద్ ఆవిడ ఫోను కెమెరాలో అంచులు సరిచూసుకునే గీతలు పెట్టి, వెలుతురు సరిచేయడం నేర్పి, రోజుకు పాతిక ఫొటోలైనా పంపమని మరీమరీ చెప్పాడు.

ఒక్కటీ రాలేదు. శ్యాంప్రసాద్ ఫోను తీశాడు, పెట్టాడు. తిండి దగ్గర తీశాడు, ఆఫీసులో మేనేజరు మాట్లాడుతుంటే బల్ల కింద తీశాడు. ఐర్లండు వాతావరణం మాత్రం ఆయనకు కంఠతా వచ్చేసింది. తనే ఫోను చేస్తే "ఉండండి, తర్వాత చేస్తాను, ఇక్కడ ఒక ముసలాయన వాళ్ళ నాన్న గుర్రం గురించి చెబుతున్నాడు" అని పెట్టేసింది. ఆ తర్వాత చేయలేదు.

ఆఖరికి ఒక సాయంత్రం రమీజ్ పంపాడు ఒక ఫొటో. కొండకొమ్ము అంచుకు ఇవతల, రాతిగోడ పక్కన, సత్యకుమారి. చూరు నీళ్ళలా వాన ధారలు కడుతోంది. ఎదురుగా ఇంత సముద్రం. ఆవిడ గొడుగు మూసి చంకలో పెట్టుకుని, కెమెరాకు వీపు పెట్టి నిలబడింది. సముద్రపు అంచు వంకరగా ఉంది. వెలుతురు చప్పగా ఉంది. శ్యాంప్రసాద్ ఆ రెండు ముక్కలూ టైపు చేసి, చెరిపేసి, రమీజ్‌కు ఫోను కలిపాడు.

"ఏరా, మొహం లేకుండా తీశావేంటి? ఇటు తిరగమనొద్దూ?"

"అనకుండా ఉంటానా అన్నా? గొంతు పోయేటట్టు పిలిస్తి. 'వదినా, ఒక్క నిమిషం ఇట్ట తిరుగు, అన్నకు పంపిస్తా' అంటే తిరగలా."

"ఏమంది?"

"'మీ అన్నకు నా మొహం తెలుసులే రమీజ్' అనింది."

శ్యాంప్రసాద్ ఫోను పక్కన పెట్టి, ఆ మొహాన్ని గుర్తు చేసుకోబోయాడు. గుర్తొచ్చింది కానీ, దాని వెనకాల ఒక కొండ కూడా వచ్చింది.