యలమందయ్య ఏరిన తాలు

ఆ ఉదయం యలమందయ్య రెండు పనులు పెట్టుకున్నాడు. కల్లంలో మిరపకాయలు తిరగేయడం ఒకటి, ఖలీల్ నవల అద్భుతమని ఉత్తరం రాయడం ఇంకొకటి. రెండోదే కష్టం. ఒంగోలు ఖలీల్ పేరున్న నవలాకారుడు. యలమందయ్య మొదటి నవలకు ముందుమాట ఆయనే రాయాలి. ఆయన రాస్తేనే అచ్చేస్తానని ప్రచురణకర్త తెగేసి చెప్పాడు.

చిక్కల్లా యలమందయ్య చదివే పద్ధతిలో ఉంది. కాయలు ఏరిన చేయి ఊరుకోదు. రంగు తేలిపోయిన కాయను తాలని పక్కన పడేసినట్టే, నచ్చని పేజీ అంచున పెన్సిలుతో ‘తాలు’ అని రాస్తాడు. ఖలీల్ నవల మూడు వందల పేజీలు. అందులో నూట తొంభై తాలు.

కల్లం నుంచి వచ్చేసరికి బల్ల మీద పుస్తకం లేదు.

"ఖలీల్ అన్నయ్యగారు వచ్చి పట్టుకెళ్లారు," అంది భార్య సుబ్బరావమ్మ. "మళ్లీ అచ్చేయిస్తున్నారంట. ఆయన దగ్గర ఒక్క కాపీ కూడా మిగల్లేదంట. మంగళగిరి ప్రెస్సుకి పోతున్నారు."

"తెరిచి చూశాడా?"

"మజ్జిగ తాగి పోయారు."

యలమందయ్య ఫోన్ చేశాడు. "అన్నా, ఆ పుస్తకం తెరవమాక!"

"ఏం, పక్కన ఏమన్నా రాశావా?" ఖలీల్ నవ్వాడు. "పొగిడావా? సిగ్గెందుకబ్బాయ్!"

"పొగడ్తలు కాదన్నా. అవీ... అచ్చుతప్పులు. నువ్వు శ్రమపడొద్దు, ప్రెస్సోళ్లు చూసుకుంటారు."

ఖలీల్ పొంగిపోయాడు. పుస్తకం తెరవకుండానే ప్రెస్సులో ఇచ్చి, "యలమందయ్య పెట్టిన గుర్తుల ప్రకారం చేసేయండి" అని చెప్పి వెళ్లాడు. అక్కడ కంపోజు చేసే ముబీన్‌ది కూడా మిరప పండించే ఇల్లే. తాలును ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నెల తర్వాత నవల నూట పది పేజీలతో వచ్చింది. యలమందయ్య ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకో ఇరవై రోజులకు ఖలీలే ఇంటికొచ్చాడు. సుబ్బరావమ్మ కుర్చీ వేసి లోపలికి తప్పుకుంది.

"ఒరేయ్ యలమందా, నూట తొంభై పేజీలు ఏరిపారేశావు!"

"తప్పయిపోయిందన్నా."

"తప్పేందిరా! మీ పుస్తకం చివరిదాకా చదివామని జనం ఉత్తరాలు రాయడం ఇరవయ్యేళ్లలో ఇదే మొదలు." ఆయన జేబులోంచి మడత కాగితాలు తీశాడు. "ఇదిగో నీ ముందుమాట."

యలమందయ్య రెండు చేతులతో పుచ్చుకున్నాడు. "మరి నా నవల ఎట్టా ఉందన్నా?"

"నీ అంత ఓపిగ్గా చదవడం నా వల్ల కాదురా. ఇంకా తెరవలేదు."

ముందుమాట మొదటి వాక్యంలో, ఈ నవలను ఏకబిగిన చదివానని ఉంది.