పదకొండు గంటల లోడ్

ఆ ఆదివారం ప్రవళిక కోపంతోనే నిద్ర లేచింది. కోపం కొత్తది కాదు, శనివారం సాయంత్రం ఆఫీసులో పుట్టి రాత్రంతా అలాగే ఉండిపోయింది. వడ్లు అమ్ముకునే రైతులు ఫోన్లోనే తేదీ ఎంచుకుని టోకెన్ తీసుకోవడానికి మహబూబ్‌నగర్‌లోని వాళ్ల చిన్న కంపెనీ ఒక వెబ్‌సైటు తయారుచేసింది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి అది తెరుచుకోవాలి. నిరుడు ఇంకెవరో చేసిన సైటు మొదటి గంటలోనే పడిపోయింది. రైతులు మూడు రోజులు ఎండలో నిలబడ్డారు. మూడో రోజు కొట్టిన వానకు వడ్లు కుప్పల్లోనే మొలకలెత్తాయి.

అందుకే వేలమంది ఒకేసారి వస్తే సైటు నిలుస్తుందో లేదో ముందే చూడాలని ప్రవళిక పట్టుబట్టింది. ఒక్క ల్యాప్‌టాప్‌తో కానిచ్చెయ్యమన్నాడు మేనేజరు దివాకర్. వేలమంది ఉత్తుత్తి రైతులను ఒక్క ల్యాప్‌టాప్‌ పంపాలంటే, సైటు కంటే ముందు ల్యాప్‌టాప్‌కే ఆయాసం వస్తుందని ఆమె నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి గొంతు పెంచింది. చివరికి, కిరాయి మిషన్లు అడగనంటే ఐదు కొనుగోలు కేంద్రాల్లోని కంప్యూటర్లు వాడుకోమన్నాడు. ఒక్కోదాని నుంచి రెండు వేలమంది, మొత్తం పది వేలు. మహబూబ్‌నగర్‌లో కూర్చుని ఆమె మీట నొక్కితే ఐదూ ఒకేసారి సైటు మీద దాడి చెయ్యాలి. ఆ దాడినే వాళ్లు లోడ్ అంటారు. సరంజామా అంతా శనివారమే ఎక్కించారు. ఆత్మకూర్ దగ్గరి కేంద్రంలో నిరోష అనే ఆపరేటరు ఆ పని చక్కగా చేసిపెట్టింది.

ఆ నిరోష ఆదివారం పెళ్లికి పోతూ తాళాలు, ఆఫీసు ఫోను కాంటా మీద వడ్ల బస్తాలు తూచే గుర్వయ్యకు ఇచ్చి పోయింది. మహబూబ్‌నగర్ నుంచి పాలమూరు మేడం ఫోన్ చేస్తే ఆమె చెప్పినట్టు చెయ్యమంది. ఎందుకో చెప్పలేదు. గుర్వయ్యకు కంప్యూటరంటే నిరోష ముందుండే టీవీ.

ఎనిమిదింటికి ప్రవళిక ఫోన్ చేసింది. మగ గొంతు విని కొత్త ఆపరేటరు అనుకుంది.

"పదకొండు గంటలకు లోడ్ షురూ అయితది. మీ సెంటర్ మీద రెండు వేలు పడ్తయి."

"రెండు వేలా మేడం? గింత జల్దినా?"

"అవు. మీ మిషన్ తట్టుకుంటదా?"

ఇరవై ఏళ్లుగా కాంటా పట్టిన మనిషికి ఆ ప్రశ్న అవమానంగా తోచింది. "మా మిషన్‌కు మొన్ననే ముద్రేసి పోయిన్రు మేడం. ఎంతనన్న తట్టుకుంటది."

అది కాంటా సరిగ్గా తూస్తుందని తూనికల శాఖ వేసే ముద్ర. అదేమిటని అడిగే ఓపిక ఆమెకు లేదు. నడుమ కరెంటు పోకుండా చూడమనీ, బయటివాళ్లను ముట్టుకోనియ్యొద్దనీ గట్టిగా చెప్పి పెట్టేసింది.

రెండు వేల బస్తాలంటే మాటలు కాదు. గుర్వయ్య పన్నెండు మంది హమాలీలను పిలిపించాడు. షెడ్డు ఊడ్పించి, గోనె సంచుల కట్టలు విప్పించాడు. కరెంటు పోవద్దని మేడం మరీ మరీ చెప్పింది కాబట్టి ఇన్వర్టరు వైరుకు కాంటా తగిలించాలనుకున్నాడు. అక్కడ పనిచేసే ప్లగ్గు ఒక్కటే. అందులో కంప్యూటరు ఉంది. దాన్ని పీకి కాంటా పెట్టాడు. షెడ్డు తెరిచారని, హమాలీలు దిగారని చూసిన ఒకాయన బామ్మర్దికి ఫోన్ చేశాడు. బామ్మర్ది ఊరందరికీ చేశాడు. పదింటికల్లా ట్రాక్టర్లు బయల్దేరాయి.

పదకొండింటికి ప్రవళిక మీట నొక్కింది. నాలుగు మిషన్లు పరుగందుకున్నాయి. ఆత్మకూర్‌ది పలకలేదు. ఆమె పళ్లు నూరుకుంటూ మళ్లీ ఫోన్ చేసింది.

"లోడ్ వచ్చిందా?"

"వచ్చుడేంది మేడం, రోడ్డు దాక నిలబడ్డది."

"మరి మిషన్ ఎందుకు నడుస్తలేదు?"

"మీరు హుకుం ఇయ్యంది నేనెట్ల నడిపిస్త?"

"నేనిచ్చి పది నిమిషాలైంది. షురూ చెయ్యిన్రి."

గుర్వయ్య షురూ చేశాడు. మొదటి బస్తా సత్తమ్మది. రెండెకరాలు కౌలుకు చేసుకునే మనిషి. నిరుడు మొలకెత్తిన వడ్లలో ఆమెవీ ఉన్నాయి.

ఇటు ఆఫీసులో నాలుగు మిషన్లూ ఎనిమిది వేలమందిని పంపాయి. ఎనిమిది వేలమందికీ టోకెన్లు వచ్చాయి. ఐదోది లేకుండా లెక్క తేలదని ప్రవళిక అంటుండగానే, పరీక్ష గెలిచామని దివాకర్ ఆత్మకూర్ కేంద్రాన్ని నడిపే రైతు సంఘం అధ్యక్షుడు పరమేష్‌కు మెసేజీ పెట్టేశాడు. రెండు నిమిషాల్లో పరమేష్ నుంచి ఫోన్ వచ్చింది. మెచ్చుకోవడానికి కాదు. ఆదివారం నాడు, టోకెన్లు లేకుండా కొనుగోలు మొదలుపెట్టమని ఎవరు చెప్పారని అడిగాడు. పాలమూరు మేడం చెప్పిందని గుర్వయ్య అంటున్నాడట.

దివాకర్ కారులో ఇద్దరూ బయల్దేరారు. దారి పొడుగునా ప్రవళిక గుర్వయ్యను తిట్టాల్సిన తిట్లు వరుసగా పేర్చుకుంది. దేవరకద్ర దాటేసరికి వాటిని బాగుచేసి, ఇంకా పదునుపెట్టింది. దివాకర్ రెండుసార్లు ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి కారు నడపడమే మేలనుకున్నాడు.

అక్కడ అరవై రెండు ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరి ఉన్నాయి. పరమేష్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రవళిక నేరుగా కాంటా దగ్గరికి పోయి నోరు తెరిచింది. కానీ గుర్వయ్యే ముందు అందుకున్నాడు. లోడ్ వస్తుందని ఎవరన్నారు, రెండు వేలని ఎవరన్నారు, మిషన్ గురించి ఎవరడిగారు, షురూ చెయ్యమని ఎవరన్నారు అంటూ ఆమె మాటలు ఆమెకే ఒక్కొక్కటిగా అప్పజెప్పాడు. పక్కనున్న హమాలీలు అవునని తలలూపారు. రెండోసారి వచ్చిన ఫోన్ స్పీకర్లో పెడితే అందరూ విన్నారట. దారి పొడుగునా పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ వాడే సందు దొరకలేదు. ఆమె కోపం రెట్టింపయింది.

తూకమైన బస్తాలను వెనక్కి పంపితే ఊరు ఊకోదని పరమేష్‌కు తెలుసు. అందరూ సోమవారం తేదీకి టోకెన్ తీసుకుంటే ఆ లెక్కలో రాసుకుంటానన్నాడు. ఎనిమిది వేలు మోసిన సైటుకు అరవై రెండు ఎంతని దివాకర్ ధీమాగా అక్కడికక్కడే దాన్ని తెరిపించాడు. అరవై రెండు ఫోన్లలో అరవై రెండు వేళ్లు ఒకేసారి కదిలాయి. మూడు టోకెన్లు వచ్చాయి. తర్వాత సైటు బిగుసుకుపోయింది.

అప్పుడు సత్తమ్మ వచ్చి ప్రవళిక ముందు నిలబడింది. అరవలేదు.

"నిరుడు గూడ ఫోన్ల సున్న గిట్లనే తిరుగుడు తిరిగింది బిడ్డా. నా వడ్లు కుప్పల్నే మొలిచినయి. ఏడాది దినాలు మీరు చేసిందేంది?"

"పది దినాల తేదీలున్నయి కదమ్మా. అందరు ఒక్క సోమవారమే ఒత్తితే..." అంది ప్రవళిక.

"మబ్బు పట్టినంక మొదటి దినం కాకుంటే ఎవలన్న పదో దినం అడుగుతరా? నువ్వైతే అడుగుతవా?"

ప్రవళిక ల్యాప్‌టాప్ తీసుకుని వడ్ల బస్తా మీద కూర్చుంది. పొద్దుటి పరీక్షలో తన ఉత్తుత్తి రైతులకు తేదీలు తానే పంచింది. పది రోజులకు సమానంగా, ఎవరూ ఎవరికీ అడ్డం రాకుండా. వాళ్లెవరికీ మబ్బంటే భయం లేదు. నిజం మనుషులు మాత్రం అందరూ ఒకే రోజు మీద పడ్డారు. సైటు ఆ ఒక్క రోజు పేజీని ఒక్కొక్కరికే ఇస్తూ, మిగతావాళ్లను తలుపు బయట నిలబెట్టి, చివరికి తాళం తియ్యడమే మరిచిపోయింది. ఐదు మిషన్లు కాదు, యాభై మిషన్లు పెట్టినా ఆ తప్పు దొరికేది కాదు. రేపు పొద్దున ఎనిమిదింటికి మాత్రం తప్పకుండా దొరికేది.

గుర్వయ్య కాంటా తీసి, అదే ప్లగ్గుకు కంప్యూటరు తగిలించాడు. ఎవ్వరూ దాన్ని ముట్టకుండా కట్టె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ప్రవళిక మూడు గంటలు తల ఎత్తలేదు. సాయంత్రం ఐదు దాటాక మిగిలిన యాభై తొమ్మిది మందినీ ఒకేసారి నొక్కమంది. యాభై తొమ్మిది టోకెన్లూ వచ్చాయి. సత్తమ్మ తన ఫోన్లో వచ్చిన నంబరు పక్కాయనతో రెండుసార్లు చదివించుకుని, ప్రవళికకు సీసాలో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

సోమవారం తొమ్మిది వేలమంది వచ్చారు. దాదాపు అందరూ మొదటి రోజే అడిగారు. సైటు కాస్త రొప్పింది గానీ పడలేదు. ఆ రోజు నిండగానే మిగిలినవాళ్లకు మరుసటి రోజులిచ్చింది. వాన బుధవారం పడింది. సత్తమ్మ వడ్లు అప్పటికే మిల్లుకు చేరాయి.

వారం తర్వాత సంఘం వాళ్లు చిన్న సభ పెట్టారు. నిజమైన రైతులతో పరీక్ష జరపాలన్నది తమ కంపెనీ ముందుచూపేనని దివాకర్ పావుగంట మాట్లాడాడు. ఆ ముందుచూపును తు.చ. తప్పకుండా అమలుచేసినందుకు పరమేష్ లేచి గుర్వయ్యకు శాలువా కప్పాడు. ఫొటో తియ్యడానికి ఎవరూ లేరని గమనించి, దివాకర్ తన ఫోను ప్రవళిక చేతిలో పెట్టి గుర్వయ్య పక్కకు పోయి నిలబడ్డాడు.

మర్నాడు పేపర్లో వచ్చిన ఆ ఫొటోలో దివాకర్ తల సగమే పడింది.