తిప్పే పని లేని వాల్వు

చేత్తో తిప్పడానికి పిడి ఉన్న ప్రతి యంత్రమూ మనిషికి అవమానమే! ఈ మాట పూర్తి బాధ్యతతో అంటున్నాను.

ఆలోచించండి. పాత ఫ్యాన్ రెగ్యులేటర్ టకటకమంటూ తిరిగేది. ఏ నంబరు మీద ఉందో కళ్లు మూసుకున్నా వేలికి తెలిసేది. అంత సులువుగా తెలిసిపోతే ఇక మెదడుకు పనేముంది? ఇప్పుడు చూడండి, వాషింగ్ మెషీన్ మీద నున్నటి ప్లాస్టిక్ పొర, దాని కింద దాక్కున్న బటన్లు! నొక్కితే పలికిందో లేదో తెలియదు. ఆర్నెల్లకు 'స్టార్ట్' అన్న అక్షరాలు అరిగిపోతాయి. ఆ తర్వాత బట్టలు ఉతకడం ఒక ధ్యానం. మా వీధిలో ఒకావిడ దండం పెట్టుకుని మరీ నొక్కుతుంది.

ఈ భాగ్యం ఇంటికే పరిమితమైతే అన్యాయం కదా? అందుకే పొలానికీ వచ్చింది.

దర్శి దగ్గర మా కోటిరత్నం పిన్నికి రెండెకరాల మిరప ఉంది. డ్రిప్ పైపు మొదట్లో ఇనప చక్రం ఉన్న వాల్వు ఉండేది. పొద్దున్నే నాలుగు తిప్పులు తిప్పితే నీళ్లు మొక్కకు చేరేవి. పదిహేనేళ్లు అలా అనాగరికంగా బతికింది, పాపం! ఆమె కష్టం చూడలేక బుల్లయ్య బాబాయి దాన్ని పీకించి కరెంటు వాల్వు పెట్టించాడు. మోటారు షెడ్డు గోడకు ప్యానెల్, దాని మీద పొర కింద నాలుగు బటన్లు. వేలు ఆనిస్తే చాలట.

కొత్త యంత్రం వస్తే మనమేం చేస్తాం? పిన్నీ అదే చేసింది. నాలుగు బటన్లకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ప్యానెల్ నెత్తిన భక్తిగా ధార పోసింది.

నాలుగో రోజు 'ఓపెన్' బటన్ మూగబోయింది. చేనంతా పూత మీద ఉంది. నీళ్లు అందకపోతే పూత నిలవదు.

మర్నాడు ఆ ప్యానెల్ బిగించిన టెక్నీషియన్ శివనాగరాజు వచ్చి, పొర ఒక మూల లేపి వాసన చూశాడు.

"కొబ్బరినీళ్లు పోశారామ్మా? వారంటీ రాదండి."

"వానలో తడిసినా ఏం కాదన్నావు గదయ్యా!"

"వానకు ఏం కాదండి. వాననీళ్లలో ఉప్పూ తీపీ ఉండవు గదా. కొత్త ప్యానెల్ పది రోజుల్లో వస్తది."

"పది రోజులు ఆగమని పూతకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? అయ్యన్నీ కాదుగానీ, చేత్తో తిప్పి తెరువు."

"చేత్తో తిప్పే పని లేకపోవటమేనండి దీని స్పెషలు."

చూశారా, ఎంత దూరదృష్టి! మోటారు ఉంది, బోరులో నీళ్లున్నాయి, పైపులున్నాయి, పిన్నికి రెండు చేతులున్నాయి. మధ్యలో అట్టముక్కంత ప్లాస్టిక్ పొర వీటన్నిటికీ సెలవిచ్చేసింది.

పాత వాల్వు కళ్లంలో మిరపకాయలు ఆరబోసే పట్టా ఎగరకుండా బరువుగా పడి ఉంది. పిన్ని దాన్ని చంకనెత్తుకొచ్చి శివనాగరాజు కాళ్ల ముందు దించింది.

"బిగించు."

"నాకు ఉద్యోగం పోద్దమ్మా!"

"నాకు చేను పోద్దిరా!"

బాబాయి వంగి పైపు పట్టుకున్నాడు. అరగంటలో వాల్వు బిగిసింది. పిన్ని నాలుగు తిప్పులు తిప్పింది. పైపు గరగరమంది. అప్పటికే గట్టు పక్క రెండు సాళ్ల పూత నేలపాలైంది, మిగతాది నిలబడింది.

చెయ్యి తుడుచుకుంటున్న శివనాగరాజును పిన్ని అడిగింది.

"మీ పొలంలో ఏది పెట్టావురా అబ్బాయ్?"

అతను తల గోక్కున్నాడు. "మా నాన్న తిప్పుడుదే ఉంచమన్నాడండి."

ఇంత జరిగినా నా అభిప్రాయం మారలేదు. ఆ పొర గొప్పదే, దాన్ని చేసినవారు ఇంకా గొప్పవారు. కాకపోతే వారికి ఒక చిన్న మనవి. ఈసారి చేసేటప్పుడు పక్కన ఒక ఇనప చక్రం కూడా పెట్టండి. వాడటానికి కాదు సుమా! బొట్టు పెట్టుకోవడానికి. తిప్పుకునే సంగతి మేం చూసుకుంటాం.