నిజాయితీ కొంగపై థెల్మా దండయాత్ర

ఐరిష్ సముద్రపు లవణమారుతాలు కిటికీ అద్దాలకు ఉప్పుపూత పూస్తుండగా, చిప్సు పొట్లాల కోసం పైకప్పులపై మోహరించిన సీగల్ పక్షులు కర్ణకఠోరంగా రణభేరి మోగిస్తుండగా, గంటలు కొట్టుకుంటూ ట్రాములు వానవీధులను చీల్చుకుపోతుండగా, మార్చి మాసాన, ఒకానొక మంగళవారం, ఉదయపు టీ ఇంకా చల్లారకముందే, ఫ్లీట్‌వుడ్ మహానగరంలో ఎంట్విసిల్ దంపతుల తలుపుకున్న ఉత్తరాల రంధ్రం గుండా ఒక ధవళ లకోటా జారి చాప మీద పడింది. సామ్రాజ్యాల కోసం జరిగిన సంగ్రామాలను పాడినవారు బోలెడుమంది. రెండువందల నలభై ఎనిమిది పౌండ్ల కోసం జరిగిన సంగ్రామాన్ని పాడే భాగ్యం నాకు దక్కింది. రసికులారా, చెవులు ఇటు పారేయండి.

ముందుగా నాయిక. పాఠశాల భోజనశాలలో గరిటెనే గదాయుధంగా ధరించి, క్యాబేజీ తినబోమని మొరాయించిన బాలసైన్యాలను కనుబొమ కదలికతో శరణాగతులను చేసిన అరివీరభయంకరి, డెబ్బై దాటినా మోకాళ్ళ నొప్పిని తృణప్రాయంగా చూసే ధీరురాలు, బుద్ధెరిగిన నాటి నుంచి ఎవరికీ ఒక్క పెన్నీ బాకీపడని నిర్ఋణ, థెల్మా ఎంట్విసిల్.

ఆమె భర్త విల్ఫ్. చేపల రేవులో వేలంపాట నడిపిన మేఘగంభీరకంఠుడు. అతడు కాడ్ చేపల పెట్టె ముందు నిలబడి ధర పలికితే, అవతలి ఒడ్డున పడవలో కునుకుతున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచి పాట పెంచేవాడని ప్రతీతి. అటువంటి విల్ఫ్‌ను రెండేళ్ళ క్రితం పక్షవాతం దొంగదెబ్బ తీసింది. కుడిచేతిని, కుడికాలిని పట్టుకుపోయింది. మాటలన్నిటినీ మూట గట్టుకుపోయింది. పోతూ పోతూ ఒక్క మాట మాత్రం వదిలి వెళ్ళింది.

కాదు.

టీ కావాలా అని అడిగితే "కాదు" అంటూనే ఎడమచేయి చాపి కప్పు అందుకునేవాడు. నొప్పిగా ఉందా అన్నా కాదు, బాగుందా అన్నా కాదు. ఏ కాదు అవునో, ఏ కాదు నిజంగా కాదో తేల్చగల పండితురాలు భూమండలంలో థెల్మా ఒక్కతే.

వారి గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. చక్రాల కుర్చీకి ఆ మూడూ మూడు పర్వతాలు. వాటి మీద వాలుబాట కట్టించాలంటే సొమ్ము కావాలి. ఆ రోజుల్లోనే, కార్లకు అప్పులిచ్చిన సంస్థలు జనానికి చెప్పకుండా లోపాయికారీగా కమిషన్లు కలిపాయని, అడిగినవారికి తిరిగి ఇస్తున్నాయని థెల్మా టీవీలో విన్నది. ఎవరి సాయమూ కోరకుండా, వంటింటి బల్ల ముందు కూర్చుని, విల్ఫ్ పాత కారు అప్పు గురించి స్వహస్తాలతో ఫిర్యాదు రాసింది. ఆరువందల తొంభై పౌండ్లు వచ్చాయి. వాలుబాటకు వడ్రంగి కొలతలు కూడా తీసుకుపోయాడు. సరిగ్గా అప్పుడే ఈ లకోటా వచ్చింది.

దాని నెత్తిన ఒంటికాలిపై కొంగజపం చేస్తున్న పక్షి బొమ్మ. 'హానెస్ట్ హెరాన్ క్లెయిమ్స్' అని కింద పేరు. నిజాయితీ గల కొంగ అన్నమాట, జనానికి పరిహారాలు ఇప్పించి వాటా పుచ్చుకునే సంస్థ. ఆ కొంగ ఇలా పలికింది:

"మాన్యశ్రీ విల్ఫ్రెడ్ ఎంట్విసిల్ గారికి, మీ పక్షాన మేము సాగించిన అవిశ్రాంత పోరాటం ఫలించి మీకు పరిహారం సిద్ధించినందుకు హార్దికాభినందనలు! మా విజయశుల్కం రెండువందల నలభై ఎనిమిది పౌండ్లు. సత్వరం చెల్లింపగలరు. చెల్లింపని పక్షమున వసూలు ప్రతినిధులు మీ గృహమును సందర్శింపగలరు."

థెల్మా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. పొరపాటున వచ్చిందనుకుని ఫోను చేసింది. కొంగ వెంటనే సంగీతాస్త్రం ప్రయోగించింది. ఒకే పిల్లనగ్రోవి రాగం అదేపనిగా తిరుగుతూ, నడుమ నడుమ "మీ కాల్ మాకెంతో విలువైనది" అని అశరీరవాణి పలుకుతూ ఉంటే, బలహీనులైన యోధులు ఎందరో ఆ రాగానికే నేలకొరిగి ఉంటారు. మన నాయిక ఫోను స్పీకర్లో పెట్టి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది. ఆఖరి దుంప చేతిలోకి వచ్చే వేళకు జారెడ్ అనే కుర్ర గుమాస్తా పలికాడు.

"నాయనా, మీరెవరో కూడా మాకు తెలీదు. ఆ ఫిర్యాదు నేనే రాశాను. మీరు చేసిన పోరాటం ఏంటో కాస్త చెబుతావా?"

"మా దగ్గర రికార్డింగ్ ఉంది మేడమ్. నవంబర్లో విల్ఫ్రెడ్ గారే ఫోన్లో ఒప్పుకున్నారు."

"ఎవరూ? మా విల్ఫా?"

"అవును మేడమ్. 'అవునండీ, కానివ్వండి' అన్నారు. చాలా హుషారుగా మాట్లాడారు."

థెల్మా చేతిలోని కత్తి దుంపల తొక్కల మీద పడింది. ఆమె ఫోను పెట్టేసింది.

విల్ఫ్ కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తున్నాడు. ఆమె అతని ముందుకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"విల్ఫ్, నేను బజారుకెళ్ళినప్పుడు ఎవరైనా ఫోన్ చేశారా?"

"కాదు."

"నువ్వు ఎవరితోనైనా మాట్లాడావా? ఒక్క ముక్కైనా? చెప్పు, నేనేం అనను."

"కాదు."

ఇది నిజమైన "కాదు" అని ఆమెకు తెలుసు. అయినా ఆ మధ్యాహ్నమంతా అతని ఎడమచేయి పట్టుకుని కూర్చుంది. "ఒక్కసారి అను. అ... వు... ను. నువ్వన్నావట కదా." విల్ఫ్ పెదవులు బిగబట్టాడు, మెడనరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది. చివరికి వచ్చింది ఆ పాత మాటే. అతడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఈ ఘట్టాన్ని వీరగాథలు పాడేవాడు కూడా ఎక్కువసేపు పాడలేడు. క్షమించండి, ముందుకు పోదాం.

రెండో లకోటా ఎర్రక్షరాలతో వచ్చిన రోజున విల్ఫ్ చెల్లెలు బెరిల్ మాంసం కూర గిన్నె పట్టుకుని వచ్చింది. లేఖ చదివి హడలిపోయింది.

"వదినా, వాళ్ళ మొహాన కొట్టి వదిలించుకో. ఇంటికి మనుషులొస్తారట. వీధిలో పరువేం కాను?"

"రానీ. మోకాళ్ళు పట్టుకుని ఆ మెట్లెక్కి రావాలిగా."

"నీకన్నీ వేళాకోళమే. వాలుబాట తర్వాత కట్టించుకోవచ్చులే, ఇంకో ఏడాది ఆగితే ఏం పోయింది?"

"ఏం పోయిందా? ఇంకో ఏడాది మీ అన్నయ్య ఈ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. సరే, డబ్బు సంగతి పక్కనపెట్టు. నాతో రెండేళ్ళుగా ఒక్క మాట మాట్లాడనివాడు వాళ్ళతో హుషారుగా మాట్లాడాడట. అది విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు బెరిల్."

బెరిల్ గిన్నెను బల్ల మీద పెట్టింది. తర్వాత కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"కాగితం తీయి. రాద్దాం."

అలా ఆ వంటింటి శిబిరంలో, మాంసం కూర పరిమళాల మధ్య, లేఖాస్త్రం సంధింపబడింది. "మా ఆయన గొంతున్న రికార్డింగ్ పంపండి. అది నిజంగా ఆయన గొంతే అయితే మీరడిగినదానికి రెట్టింపు ఇస్తాను. ఇచ్చి, దాన్ని రోజూ వింటాను." సంతకం చేయించుకునే రిజిస్టర్డ్ పోస్టులో అది ప్రయాణమైంది.

కొంగ సమాధానం అప్రతిహతమైనది. భద్రతా నియమాల దృష్ట్యా, రికార్డింగ్ పొందగోరు పక్షమున, శ్రీ విల్ఫ్రెడ్ గారు స్వయంగా ఫోను చేసి 'అవును' అని చెప్పవలెనట!

థెల్మా ఆ వాక్యాన్ని బెరిల్‌కు చదివి వినిపించింది. ఇక రెండో అస్త్రం బయటకు తీయక తప్పలేదు. ఇలాంటి సంస్థలపై జనం మొర విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఆమె సమస్తం రాసిపంపింది. రాసినట్టు కొంగకు కూడా ఒక ముక్క తెలియజేసింది, అదీ రిజిస్టర్డ్ పోస్టులోనే. ఆ పేరు చెవిన పడగానే కొంగ జపం మానేసి రెండో కాలు కూడా కింద పెట్టింది.

గురువారం పొద్దున్నే, బెరిల్ కూడా అక్కడే ఉండగా, ఫోను మోగింది. ఈసారి గుమాస్తా కాదు, విభాగాధిపతి క్లూలో గారు స్వయంగా రంగప్రవేశం చేశారు.

"మేడమ్, ఇంత దూరం ఎందుకు? వినిపిస్తాను, మీరే వినండి."

ఆమె ఫోనును స్పీకర్లో పెట్టి విల్ఫ్ ఒళ్ళో ఉంచింది. గరగర చప్పుడైంది. తర్వాత ఒక కంఠం. పాతికేళ్ళు దాటని, నోట్లో చూయింగ్ గమ్ నములుతున్న, ఈ సముద్రతీరపు గాలి ఎన్నడూ తగలని కంఠం. "అవునండీ, నేనే విల్ఫ్రెడ్ని. కానివ్వండి, కానివ్వండి!"

రెట్టింపు ఇవ్వడానికి సిద్ధపడిన థెల్మా కుర్చీలో వెనక్కి వాలింది. ఆశ అడుగంటినందుకు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ కళ్ళు భోజనశాల నాటి కళ్ళు.

"ఇది మా ఆయన గొంతు కాదు. ఆయన ఇక్కడే ఉన్నాడు. మీరే అడగండి."

"సార్, మీరు విల్ఫ్రెడ్ ఎంట్విసిల్ గారేనా?"

"కాదు."

"చూశారా మేడమ్! ఆయనే కాదంటున్నారు. ఎవర్నో కూర్చోబెట్టి..."

"ఇంకోటి అడగండి."

"సార్, మీ పుట్టినతేదీ చెప్పగలరా?"

"కాదు."

"మా సంస్థకు మీరు అనుమతి ఇచ్చారా?"

"కాదు!"

అటువైపు కాగితాలు కదిలాయి. క్లూలో గొంతు కాస్త తగ్గింది. "సరే సార్, పెద్దవారు. సగం కట్టండి, ఫైలు మూసేస్తాను."

"కాదు."

"వంద?"

విల్ఫ్ నడుము నిటారుగా అయింది. ఎడమ అరచేయి కుర్చీ చేతిమీద ఫట్‌మని పడింది. "కాదు!"

"యాభై?"

"కాదు!"

"ఇరవై సార్, ఇరవై పౌండ్లే!"

"కా... దు!"

ఆహా, ఏమని వర్ణించను! ధర దిగుతున్నకొద్దీ కంఠం ఎగసింది. చేపల రేవులో ప్రతిధ్వనించిన ఆ మేఘగర్జన రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఆ ముందుగదిలో ఉరిమింది. కప్పు మీది సీగల్ సేన రెక్కలు టపటపలాడిస్తూ పలాయనం చిత్తగించింది. బెరిల్ ఏడుస్తూ నవ్వుతోందో, నవ్వుతూ ఏడుస్తోందో చెప్పడం కష్టం. అటువైపు క్లూలో గారి వేలంపాటలో ఇక దిగడానికి మెట్టు మిగల్లేదు.

"విన్నారుగా నాయనా?" అంది థెల్మా. "రెండేళ్ళుగా ఆయనకున్నది ఆ ఒక్క మాటే. మీ రికార్డింగ్‌లో లేనిదీ అదే. ఈ సంగతి అంబుడ్స్‌మన్‌కి కూడా చెబుతాను."

వారం తిరగకముందే చివరి లేఖ వచ్చింది. తప్పు ఒప్పుకోకుండానే, 'కేవలం సద్భావసూచకంగా', శుల్కమంతా రద్దు చేశామని కొంగ ప్రకటించింది. ఆ సద్భావం థెల్మాకు చాల్లేదు. రెండు రిజిస్టర్డ్ ఉత్తరాల తపాలా ఖర్చు కూడా ఇవ్వాలని పట్టుబట్టింది. ఇవ్వక వాళ్ళకు తప్పలేదు. ఆరు పౌండ్ల డెబ్బై పెన్నీల చెక్కు వచ్చింది.

ఈలోగా వడ్రంగి వచ్చి వాలుబాట బిగించి వెళ్ళాడు. ఊళ్ళో బ్యాంకు శాఖ మూతబడి చాలాకాలమైంది గనుక, ఆ చెక్కును సమర్పించడానికి దంపతులిద్దరూ ట్రామెక్కి బ్లాక్‌పూల్ రాజధానికి తరలివెళ్ళారు. దారి పొడవునా విల్ఫ్ కిటికీలోంచి సముద్రం చూస్తూనే ఉన్నాడు. థెల్మా సముద్రం వైపు చూడలేదు, అతన్నే చూసింది.

కౌంటరు దగ్గరి అమ్మాయి చెక్కును అటూ ఇటూ తిప్పింది.

"ఆరు డెబ్బయ్యేనా? దీనికోసం ఫ్లీట్‌వుడ్ నుంచి వచ్చారా?"

"అవసరమైతే నడిచి వచ్చేదాన్నమ్మా. ముద్ర గట్టిగా వెయ్యి."

అమ్మాయి నవ్వి గట్టిగానే వేసింది. ఆ చప్పుడుకు అష్టదిక్కులూ పిక్కటిల్లాయని అబద్ధమాడను. పక్క కౌంటరు దగ్గరి పెద్దమనిషి మాత్రం ఒకసారి తలెత్తి చూశాడు. ఆ ముద్రాఘాతంతో కొంగ ఖజానాలోని ఆరు పౌండ్ల డెబ్బై పెన్నీలు ఎంట్విసిల్ సామ్రాజ్యంలో శాశ్వతంగా విలీనమయ్యాయి. థెల్మా రసీదు మడిచి చేతిసంచిలో పెట్టుకుని, విల్ఫ్ గొంతు దాకా కోటు బొత్తాలు పెట్టి, కుర్చీని వేడి వేడి చేపల అంగడి వైపు తిప్పింది.