పదకొండో గుడ్డ

ఆఫీసులో అందరూ ఆయన్ని టైంటేబులు అంటారు. కొత్త ఇంట్లో చేరే రోజుకు కూడా ఆయన ఒక కాగితం రాసి అక్కడి గోడకు అంటించాడు. ఆరున్నరకు మేనత్తను తీసుకుని కొత్త ఇంటికి వెళ్ళడం. ఏడింటికి అక్కడే స్నానం, ఎందుకంటే పాత ఇంటి బకెట్లు అప్పటికే మూటల్లో ఉంటాయి. తొమ్మిదిన్నరకు గాలి ఆఫీసరు. పదింటికి సంతకం. పదింబావుకు సామాను లారీ. పన్నెండింటికి పాత ఇంట్లో అద్దెకు దిగేవాళ్ళు వచ్చేస్తారు. ఆ ఒక్క సంతకం పడకపోతే అటు పాత ఇల్లూ లేదు, ఇటు కొత్త ఇల్లూ లేదు. లారీలోనే కాపురం.

కిటికీలన్నీ మూసినా ప్రతి గదికీ బయటి గాలి అందుతోందా, వంటింటి ఫ్యానూ స్నానాలగది ఫ్యానూ చెడుగాలిని బయటికి తోస్తున్నాయా అని చూడడం గాలి ఆఫీసరు పని. టైంటేబులుకు ఆ పరీక్షంటే భయం లేదు. పాత ఇంటి చెమ్మలో మేనత్త పదేళ్ళు దగ్గింది. తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన మనిషి అలా దగ్గుతూంటే వినలేకే ఆయన ఇల్లు మొదలుపెట్టాడు. గోడల్లో అరచేతంత గాలికంతలు, మొత్తం పది, దగ్గరుండి పెట్టించాడు. అవి ఎవరికోసమో మేస్త్రికి చెప్పాడు, ఎలక్ట్రీషియనుకు చెప్పాడు, ఆఫీసులో వినే ఓపికున్న ప్రతివాడికీ చెప్పాడు. మేనత్తకు చెప్పాలని మాత్రం తోచలేదు.

ఆఫీసరు గడియారం చూసుకున్నట్టు వచ్చాడు. తలుపులు, కిటికీలు మూయించాడు. స్నానాలగదిలో ఫ్యాను వేసి, దాని జాలీకి ఒక పల్చటి కాగితం ఆనించి చెయ్యి తీశాడు. గాలి లాగితే కాగితం అతుక్కుని నిలబడాలి. అది తీరిగ్గా ఊగుతూ వచ్చి టైంటేబులు పాదాల మీద పడింది. వంటింట్లోనూ అదే వరస.

"ఫ్యాను తిరుగుతోంది గానీ లాగడం లేదండీ" అన్నాడు ఆఫీసరు. "ఈ వీధిలోనే ఇంకో రెండిళ్ళు చూడాలి. పదకొండున్నరకు మళ్ళీ వస్తాను. ఈలోగా సరిచేయించండి. లేదంటే వచ్చే నెలే."

టైంటేబులు ఫోను అందుకున్నాడు. ఎలక్ట్రీషియను వచ్చి ఫ్యాను విప్పి, ఊది, మళ్ళీ బిగించాడు. "ఫ్యాను లక్షణంగా ఉంది సార్. తలుపు చూడండి, చీమ దూరే సందు లేదు. గాలి లోపలికొస్తేగా బయటికి పోయేది?"

వడ్రంగి వచ్చాడు. తన తలుపును అంత మాటన్నందుకు మూతి ముడుచుకునే దాన్ని ఊడదీసి, వాకిట్లో పడుకోబెట్టి అడుగున చిత్రిక పట్టాడు. తలుపే లేని గదిలో మళ్ళీ చూశారు. కాగితం మళ్ళీ పడింది.

"ఇప్పుడేమంటారు? ఫ్యాను గాలి బయటికి పోయే గొట్టం పూడుకుపోయింది" అన్నాడు వడ్రంగి. "మేస్త్రిని పిలవండి."

మేస్త్రి ఆ మాట వినగానే భగ్గుమన్నాడు. "నేనేసిన గొట్టమా? పూడుకుపోవడమా? ఇప్పుడే తీసి చూపిస్తా!" నిచ్చెన వేసి, తనకు గుర్తున్న చోట బయటి గోడ మీద నాలుగు దెబ్బలు వేశాడు. కొబ్బరికాయంత కన్నం పడింది. గొట్టం కనపడలేదు. "ఇక్కడే ఉండాలే!" అని లోపలి చీకట్లోకి చూస్తూ ఉండిపోయాడు.

ఈలోగా లారీ వచ్చింది. డ్రైవరు హారను మోగించాడు. "సామాను దించమంటారా, తిప్పుకుపొమ్మంటారా?" టైంటేబులు గోడమీది కాగితం వంక చూశాడు. అందులో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఇంత గలాటాలో ఎవరూ పట్టించుకోని మనిషి మేనత్త. ఆవిడ తలకు మఫ్లరు చుట్టుకుని అందరికీ టీ ఇస్తోంది. ఒంటికి ఏ కాస్త గాలి తగిలినా ఆవిడకు తుమ్ము వస్తుంది. తలుపు లేని స్నానాలగది ముందుకొచ్చి గట్టిగా తుమ్మి, "తలుపులు పీకేస్తే ఎలారా? ఇల్లంతా ఈదురుగాలే!" అని గుమ్మానికి ఓ దుప్పటి కట్టేసింది.

పదకొండున్నరకు ఆఫీసరు వచ్చి ఆ దుప్పటి చూశాడు. తర్వాత మెల్లగా తలెత్తి గోడలు చూశాడు. గాలికంత జాలీలోంచి నల్లటి మేజోడు కొస ఒకటి వేలాడుతోంది.

"ఇదేమిటి?"

"మేజోడండీ" అంది మేనత్త. "మావాడిదే. జతది పోయింది, పారెయ్యడమెందుకని."

"అక్కడెందుకుంది?"

"గాలొస్తోంది కదండీ మరి! వీడు స్నానానికెళ్ళినప్పుడు తిరిగి చూశాను. ఎక్కడ గాలి తగిలితే అక్కడ కుక్కేశాను. తువ్వాళ్ళు, దిండు గలీబులు, వెంట తెచ్చుకున్న మూటలో ఏది చేతికొస్తే అది."

మేస్త్రి, వడ్రంగి, ఎలక్ట్రీషియను ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టైంటేబులు నేల మీద కూలబడ్డాడు. "అవన్నీ నీ దగ్గు పోవాలనే పెట్టించానత్తా!"

"ముందే చెప్పొద్దుట్రా?"

"ఇంతసేపూ చూస్తున్నావు కదా, నువ్వైనా చెప్పొద్దూ?"

"ఊళ్ళో అందర్నీ అడిగావు. నన్నడిగావా?"

టైంటేబులు లేచి తనే జాలీలన్నీ ఊడదీసి గుడ్డలు లాగాడు. పది వచ్చాయి. వంటింట్లో కాగితం ఫ్యానుకు చటుక్కున అతుక్కుంది. స్నానాలగదిలో మాత్రం మళ్ళీ పడింది.

"పదీ తీశాంగా?" అన్నాడు ఆఫీసరు.

"పదేమిటండీ, పదకొండు" అంది మేనత్త.

ఆఫీసరు ఇంటి ప్లాను విప్పాడు. "ఇందులో పదే ఉన్నాయమ్మా."

"కాగితం సంగతి నాకు తెలీదు. నా గదిలో అటక మీద ఒకటుంది. వీడు స్నానం చేస్తూంటే అక్కణ్ణుంచి తడిగాలి వచ్చి మొహాన కొట్టింది. ఎక్కి, పాత స్వెట్టరు కుక్కి, అటక తలుపులు మూసేశాను."

మేస్త్రి మొహం పాలిపోయింది. ఆఫీసరే స్టూలెక్కి స్వెట్టరు లాగాడు. స్నానాలగది గొట్టం బయటికి పోకుండా, మేనత్త మంచం వేసే చోటికి సరిగ్గా పైన, అటకలోనే నోరు తెరుచుకుని ఉంది. ఫ్యాను తోసిన ఆవిరంతా ఆ గదిలోకే.

"బయట పూత పూసినప్పుడు గొట్టం కన్నం కూడా పూసేసినట్టున్నాం" అన్నాడు మేస్త్రి సన్నగా. "ఆ తర్వాత ఎవరో గొట్టాన్ని ఇటు తిప్పేసుంటారు."

ఆఫీసరు స్టూలు దిగలేదు. చేతిలో స్వెట్టరుతో అక్కడే నిలబడ్డాడు. "అమ్మా, మీరివేవీ కుక్కకపోతే పొద్దునే నా కాగితం అతుక్కునేది. నేను సంతకం పెట్టి పోయేవాణ్ణి. ఆర్నెల్లలో మీ గది గోడలు బూజుపట్టేవి. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాకు దొరకనిది మీకు దొరికింది." ఆ మాటల్లో వెటకారం లేదు.

ఆ రోజు టైంటేబులు అదృష్టమేమిటంటే, కావలసిన పనివాళ్ళంతా అక్కడే ఉన్నారు. మేస్త్రి కొట్టిన కన్నం గొట్టానికి జానెడు దూరంలో ఉంది. దాంట్లోంచి గొట్టం బయటికి తీసి బిగించడానికి పావుగంట చాలింది. "చూశారా, కన్నం ముందే కొట్టి ఉంచాను" అన్నాడు మేస్త్రి, కాస్త ధైర్యం రాగానే.

కాగితం అతుక్కుంది. పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా సంతకం పడింది. లారీ డ్రైవరు సోఫా దించుతూ కేకేశాడు. టైంటేబులు ఆ కేక వినలేదు. మేనత్త పక్కన కూర్చుని, "నీ గదిలో ఊపిరి బాగా ఆడుతోందా అత్తా?" అని జీవితంలో మొదటిసారి ఆవిడ అభిప్రాయం అడుగుతున్నాడు. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గకుండా వదిలింది. ఆయనకు కళ్ళు చెమర్చాయి.

ఆఫీసరు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "అమ్మా, రేపు పక్క వీధిలో మూడిళ్ళు చూడాలి. మీకు తీరికుంటే ఒకసారి అలా వచ్చి కూర్చుంటారా?"

"మఫ్లరు వేసుకుని రావచ్చా?"

"వద్దండీ. గాలి మీకు తగలాలి, అదే ముఖ్యం."

ఆ పేటలో ఇప్పుడు ఆవిడ తుమ్మితేగానీ ఏ కొత్త ఇంటికీ సంతకం పడదు.